పదమూడో పెట్టె

“పన్నెండో పెట్టె దాకా బాగానే ఉన్నాయి. పదమూడు నుంచే కొక్కేలు కిందకి దిగాయి,” అన్నాడు డ్వెయిన్, అరచేతిలో పట్టే బొమ్మ గూడ్సు పెట్టెను వెల్లకిలా తిప్పుతూ.

లోర్నా మెట్ల మీదే నిలబడింది. మొగుడు పోయి మూడు వారాలైనా ఆవిడ ఈ కింది గది సిమెంటు నేల మీద కాలు పెట్టలేదు. వెర్నన్ తల పగిలింది ఇక్కడే. బొమ్మ రైలు ఎగువకు ఎక్కుతుండగా నడుమ కొక్కెం ఊడి, వెనక పెట్టెలన్నీ జారి బల్ల అంచు దాటబోతే, పట్టుకోబోయి స్టూలు మీంచి పడ్డాడు.

“ఎంత దిగాయేంటి?”

“వెంట్రుకవాసి. చదునులో లాగేస్తాయి. ఎత్తెక్కేటప్పుడు ఒకదాని పట్టులోంచి ఇంకోటి జారిపోద్ది.”

“ఇరవై ఏళ్ళు బొమ్మ రైళ్ళ క్లబ్బులో అందరి పెట్టెలూ కొలిచినోడు. ఆ వెంట్రుకవాసికే ఎర్రచీటీ కట్టి పక్కన పెట్టేవాడు. నీకెన్ని కట్టాడో?”

డ్వెయిన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “నా బండి పట్టాల మీద కంటే పక్క బల్ల మీదే ఎక్కువ తిరిగిందని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు.”

“ఇప్పుడు ఆయన్ని చేస్తున్నారు. ఊరందరి తప్పులూ పట్టి తన తప్పుతో పోయాడంట. సమాధి దగ్గరే అన్నారు, నా చెవులతో విన్నా. నిజమేనా డ్వెయిన్? ఆ ఒక్క ముక్క తేలితే చాలు నాకు.”

డ్వెయిన్ పెట్టె చక్రాల దగ్గర కాగితమంత వాషరు దూర్చి మర బిగించాడు. “డెబ్బై నాలుగేళ్ళు. కళ్ళు మందగించాయి. రేపు నాకైనా అంతే.”

“కళ్ళా?” లోర్నా ఒక మెట్టు దిగింది. “క్రిస్మస్‌కి ముందు చేసినవి సరిగ్గా ఉన్నాయి. తర్వాత చేసినవన్నీ ఒకే కొలతన దిగాయి. కళ్ళు పోతే ఒకటి పైకి, ఒకటి కిందకి పోవాలి కదా?”

మూలన ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు గుర్రుమని ఆగింది. డ్వెయిన్ చూపు బల్లంతా వెతికింది. అప్పటికది మూడోసారి.

“కొక్కేల ఎత్తు కొలిచే గేజి కోసమా?” లోర్నా కిందకి వచ్చేసింది. చొక్కా జేబులోంచి వేలెడంత ఇనప బిళ్ళ తీసి చెయ్యి చాచింది. “క్రిస్మస్‌కి నువ్వొకటి ఇస్తే, పాత పగలు పోయాయని పొంగిపోయాడు పిచ్చిమారాజు. చివరిదాకా దాంతోనే కొలిచాడు.”

డ్వెయిన్ చటుక్కున అందుకున్నాడు. వెలుతురుకేసి ఎత్తి చూసి నిట్టూర్చాడు.

“అదీ సంగతి. దీని ముక్కు అరిగి కురచైంది. వెర్నన్ తప్పేం లేదు లోర్నా. నాకు అంటగట్టిన ఆ కొట్టువాణ్ణి అనాలి.”

“పట్టాల మీద పెట్టి ఓసారి చూడరాదూ?”

“అక్కర్లేదు. చూస్తేనే తెలుస్తోంది. నేను పట్టుకెళ్ళి పారేస్తాలే.” గేజిని జేబులో వేసుకుని మెట్లెక్కసాగాడు.

“వెర్నన్ గేజి పొద్దున్నే షెరీఫ్ చేతికిచ్చి వచ్చా,” అంది లోర్నా వెనక నుంచి.

డ్వెయిన్ కాలు మెట్టు మీదే ఆగిపోయింది. “మరి ఇది?”

“నిన్న కొన్న కొత్తది. దీన్నింకా ఎవరూ అరగదీయలేదు.”