ప్యారిస్ నుంచి రోమ్‌కి

మసీదులో సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగిసిందో లేదో, హేమసుందర్ ఫ్లాటు తలుపు చప్పుడైంది.

ఎవరో చూడక్కర్లేదు. ఆ బిల్డింగు ఊడ్చే బాలన్న.

“సార్, ప్యారిస్ నుంచి రోమ్ ఎంత దూరముంటది?”

“పదకొండు వందల కిలోమీటర్లు.”

“ఇమానంల ఎంతసేపు?”

“రెండు గంటలు. నీకెందుకయ్యా ఇవన్నీ?”

“ఊకెనే సార్. మంచిగున్నరా?”

“ఉన్నాను,” అని తలుపు వేసేశాడు హేమసుందర్.

నాలుగు నెలలుగా ఇదే తంతు. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఇంజనీరు ఉద్యోగం, ఆ వేసవికి భార్యాబిడ్డలతో యూరప్ యాత్ర అనుకున్నాడు. కుటుంబంలో తలకింత అని అక్కడి సర్కారుకు లెవీ పన్ను కట్టాలనేసరికి యాత్ర సంగతి దేవుడెరుగు, భార్య ఆండాళ్‌నీ, కూతురు అమూల్యనీ కాకినాడ పంపేయాల్సి వచ్చింది. హాల్లో గోడమీద యూరప్ మ్యాపు మాత్రం మిగిలింది.

వాళ్ల సామాన్లు కిందికి దించడానికి వచ్చిన బాలన్న ఆ మ్యాపును చాలాసేపు చూశాడు. మర్నాటి నుంచి మొదలయ్యాయి ప్రశ్నలు.

ఖాళీ ఇల్లు అంత భయపెడుతుందని హేమసుందర్‌కు ఈ వయసులో తెలిసొచ్చింది. అయినా పలకరించే ఒక్క మనిషినీ గుమ్మం బయటే నిలబెట్టేవాడు. అదీ మన ఇంజనీరుగారి తరహా.

ఒక శుక్రవారం ఒంట్లో బాగాలేక ముసుగుతన్ని పడుకున్నాడు. తలుపు ఒకటే బాదుడు. తీసేదాకా ఆగలేదు.

“మాడ్రిడ్ నుంచి లిస్బన్...” బాలన్న రొప్పుతున్నాడు.

“మతి గానీ పోయిందా? యూరప్ పారిపోదామని చూస్తున్నావా ఏంటి?”

బాలన్న అతని ముఖంలోకి పరీక్షగా చూశాడు. “పండుకోండి సార్,” అని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు హేమసుందర్ మెయింటెనెన్స్ కంపెనీకి ఫోన్ చేశాడు. “మీ మనిషి రోజూ విమానాల ఆరా తీస్తున్నాడు. ఎటో పారిపోయేలా ఉన్నాడు, చూసుకోండి.”

సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ నిబంధన కింద రెడ్ కేటగిరీలో పడి, విదేశీయుల్లో ఎవరిని తగ్గించాలా అని వెతుక్కుంటున్న కంపెనీ అది. ఆ రోజే బాలన్నను పనిలోంచి తప్పించింది.

ఆ సాయంత్రం తలుపు చప్పుడు కాలేదు. మర్నాడూ కాలేదు. వారం గడిచేసరికి హేమసుందర్ చెవులు రెండూ తలుపు దగ్గరే ఉన్నాయి. ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. చివరికి తనే కిందికి దిగాడు.

వాచ్‌మన్ అబ్దుల్ ఖాదర్ది నిజామాబాద్. బాలన్నా, అతనూ ఒకే గదిలో ఉండేవాళ్లు.

“బాలన్న కనబడడం లేదేం?”

“మొన్ననే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, మళ్ల రాకుంట ఇంటికి పంపిచ్చిన్రు సార్. పారిపోతడని ఎవరో ఫోన్ చేసిన్రట.”

“మరి రోజూ ఆ ఊళ్ల గురించి అడిగేవాడుగా?”

“ఆయనకు అక్షరం ముక్క రాదు సార్. పొద్దుగాల నన్నడిగి రెండూళ్ల పేర్లు నోటికి పట్టుకునెటోడు. మీరు తలుపు తీసి జవాబు చెప్తెనే కిందికొచ్చి అన్నం తినెటోడు.”

“ఎందుకని?”

“ఈడనే ఖఫ్జీ ఊర్ల ఒక పిలగాడు మీ లెక్కనే గదిల ఒక్కడే ఉండి పానం ఇడిస్తే, మూడొద్దుల దాక ఎవ్వరు తలుపు కొట్టలే. బాలన్న ఆ పిలగాని తండ్రి సార్.”