'కొండగాలి' చెప్పని క్షమాపణ

"'కొండగాలి' దినపత్రిక సంపాదకురాలు, ప్రచురణకర్త ఆనందమ్మా!"

చిత్తూరు కోర్టు బంట్రోతు కేక వేసేసరికి వరండాలో యోగానంద ఆమెకు అడ్డం వచ్చాడు. పత్రిక యజమాని ఇప్పుడు ఆయనే. వాళ్ల నాయన వరదయ్య అరవై ఏళ్ల కిందట తిరుపతిలో పెట్టిన పేపరు అది. ఎమర్జెన్సీలో జైలుకైనా పోయాడు గానీ, రాసిన ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేదు ఆ మొండి మనిషి. కొడుకు వేరే రకం.

"ఈ కాగితం జడ్జి గారికి ఇచ్చెయ్. తప్పయిపోయిందని రాసుండాది. ఫ్యాక్టరీ వాళ్లు కేసు వాపసు తీసుకుంటారు. లేదంటే జైలు నీకే!"

"వార్త తప్పా సామీ?"

"తప్పో ఒప్పో ఎవరిక్కావాల? వాళ్ల ప్రకటనలు పోతే పేపరు మూసుకోవాల్సిందే."

ఆనందమ్మకు ఒళ్లు మండింది. ఊరి బయట ఆ మందుల ఫ్యాక్టరీ వదిలిన నీళ్లకు కాలనీ బోర్లలో నీళ్లన్నీ పచ్చగా మారాయి. ఆ సంగతి బయటపెట్టిన వార్త మొదటి నుంచి చివరి దాకా ఆమెకు కంఠతా వచ్చు.

"ఆ బోరు నీళ్లు నేను తాగి సూసినాను. పెద్దాయన ఉంటే ఈ కాగితం రాసుంటాడా?"

"మొండికెయ్యొద్దు. చెప్పినట్టు చెయ్!"

ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టి లోపలికి నడిచింది. జైలంటే భయం లేక కాదు. కానీ రోజూ చివరి పేజీ అడుగున ఉండేది తన పేరు. ఆ పేరు మీద అబద్ధం ఆడమంటే ఎట్లా?

"ఈ వార్త ప్రచురించింది మీరేనా?" జడ్జి అడిగారు.

"నేనే సామీ."

"క్షమాపణ చెబుతారా?"

"సెప్పను. దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. రేపు మళ్లా ఏసినా నా పేరు మీదనే ఏస్తారు. ఏం సేసుకుంటారో సేసుకోండి."

ఫ్యాక్టరీ లాయరు నోరు వెళ్లబెట్టాడు. వెనక బెంచీ మీద యోగానంద తల పట్టుకున్నాడు.

గుమాస్తా ఆమె జవాబు రాసుకుని, కింద సంతకం చేయమని పెన్ను అందించాడు.

కేసులొస్తే తన మీదికి రాకుండా యోగానంద సంపాదకురాలిగా పేరెక్కించిన, ఆ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా కసువు ఊడ్చే ఆనందమ్మ, "నాకు సదువు రాదు సామీ" అంటూ బొటనవేలు చాచింది.