పురుగులు లేచేదాకా

"ఆ తట్టలో వేయొద్దు, నిలబడు!"

హేమావతి గట్టిగా అనలేదు. పురుగుల ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆమె మొగుడు రవీంద్ర చేతిలో ఆకు చేతిలోనే ఆగింది.

"అవి జ్వరంలో ఉండాయి. చూడు, తలెత్తుకోని ఎట్ల నిద్రపోతాండాయో."

పొర విడిచే ముందు పట్టుపురుగు అలా నిద్రపోతుంది. దాన్నే జ్వరం అంటారు. రవీంద్ర వంగి చూశాడు. తెల్లటి పురుగులు తల పైకెత్తి కదలకుండా ఉన్నాయి, ఎవరో దూరాన్నుంచి పిలుస్తుంటే వింటున్నట్టు.

"కొన్ని లేచినాయి గదా. ఆకలిగా ఉండాయి పాపం."

"లేచినవాటికి ఇప్పుడే పెడితే లేవనివి ఎనకబడతాయి. పంటంతా చెడతాది. అన్నీ లేచేదాకా ఆగల్ల."

హేమావతి పుట్టింటివాళ్ళు పట్టుపురుగులు పెంచేవాళ్ళే. ఆమె చెయ్యి చూడకుండానే పని చేస్తుంది.

చింతామణి దాటాక బాగేపల్లి రోడ్డుకు కొంచెం ఎడంగా, మల్బరీ తోట నడుమ ఉంది ఆ ఆశ్రమం. తాగుడు మానాలని వచ్చినవాళ్ళు అక్కడే ఉండి, వండుకొని, పని చేసి, ప్రార్థన చేసుకుంటారు. గేటుకు తాళం లేదు. ఆదివారం చూడవచ్చినవాళ్ళు కూడా లోపలివాళ్ళతో కలిసి పని చేయాలి. ఊరికే ఎదురెదురుగా కూర్చుంటే ఏడుపులూ తగువులూ తప్ప మాట రాదని ఆశ్రమం నడిపే సిస్టరమ్మ అంటుంది. పురుగుల ఇంటి గుమ్మంలో ఆమే నిలబడి అందరి చేతులూ వాసన చూసి లోపలికి పంపుతుంది. బీడీ వాసనైనా, మందు వాసనైనా పురుగులకు పడదు.

"హేమా, ఈ దినమే ఇంటికి పోదాం," అన్నాడు రవీంద్ర.

ఆమె తట్టలోని పాత ఆకు కాడలు ఏరింది.

"ఇంగ సీసా ఇంట్లోకి రాదు. మాటిస్తాండా. నోరెత్తను. చెయ్యెత్తను."

"పోయినసారీ ఇట్లే మాటలిచ్చుకోని పోతిమి గదా."

"అప్పుడు వేరే. ఇప్పుడు వేరే."

"మీ అమ్మ?"

"అమ్మకు నేను చెప్పుకుంటా. రానీకుంటే తోటలో షెడ్డుండాది, ఆడనే ఉందాం. మైత్రేయికి అమ్మానాయినా ఒక చోట ఉంటే చాలు."

కూతురి పేరు వినగానే హేమావతి ఒక ఆకు తీసుకొని పక్కకు తిరిగింది. పురుగులన్నీ మేలుకున్న ఇంకో తట్ట మీద దాన్ని పరిచింది. అవి తింటున్న చప్పుడు, ఎక్కడో రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు వినిపించింది.

ఆశ్రమంలో పాత మనిషి నంజప్ప ఆకు గంప దించి నవ్వాడు.

"ఏమప్పా రవీంద్రా, పురుగులకు ఆకేస్తాండావా, ఎనుములకు మేతేస్తాండావా?"

"నేను టమాటో తోటలో మనిషిని నంజప్పా. పురుగులు నాకు అంతుపట్టవు."

"ఇంటికి పోవల్లని మహా తొందరగా ఉండావే! నేనూ అట్లే పోతి ఒకసారి. ఇల్లు కనబడేలోపల అంగడి కనబడె. అంగడోడు నన్ను చూసి మా ఇంటోళ్ళకంటే ఎక్కువ సంతోషపడె!"

రవీంద్ర నవ్వాడు. హేమావతి నవ్వలేదు.

"మన ఊర్లో బస్సు యాడ నిలిచేది?" అని అడిగింది.

"బ్రాందీ అంగడి ముందర."

"దాన్ని దాటుకోని పోవల్ల గదా ఇంటికి."

"చెయ్యి పట్టుకోని దాటుదాం."

"ఒక దినం పట్టుకుంటాం. దినమ్మూ ఎవరు పట్టుకుంటారు?"



మధ్యాహ్నం ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క కూర్చుని యేసయ్య పాటలు పాడారు. పాట రానివాళ్ళు చప్పట్లు కొట్టారు. హేమావతి ఇంట్లో కొలిచేది నరసింహస్వామిని. అక్కడ ఎవరూ ఆ సంగతి అడగరు. రాగిముద్ద, అనపగింజల చారు తిన్నాక రవీంద్ర నేరేడు చెట్టు కింద వాలి వెంటనే నిద్రపోయాడు. మనిషి చిక్కిపోయాడు. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. ఆకుల నీడ మొహం మీద ఈదుతోంది.

హేమావతి పక్కన కూర్చుని ఈగలు తోలింది. ఈ మనిషి ఇంత నిమ్మళంగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఎదురుగా కొండ మీద మబ్బు నీడ ఒకటి మెల్లగా నడిచిపోతోంది. ఆ నీడ వెనకాలే మైత్రేయి పరుగెత్తుకొస్తున్నట్టు అనిపించింది. ఈ పొద్దు ఇక్కడే నిలిచిపోతే బాగుండునని కూడా అనిపించింది. పొద్దు నిలవలేదు.

ఎండ వాలాక సిస్టరమ్మ వచ్చింది. రవీంద్ర లేచి కూర్చున్నాడు. ఇంటికి పంపాలంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు కాదన్నా ఆగాల్సిందే. అక్కడి పద్ధతి అది.

"ఏమప్పా?"

"పోతాం సిస్టరమ్మా."

"నువ్వేమంటావమ్మా?"

హేమావతి మొగుడి మొహం చూసింది. ఒక్క మాట అంటే చాలు, రాత్రికి ముగ్గురూ ఒక చాప మీద ఉంటారు.

"ఇప్పుడొద్దు సిస్టరమ్మా. ఇంగ కొన్నాళ్ళు."

రవీంద్ర తల వంచుకున్నాడు.

"నా మీద నమ్మకం లేదా హేమా?"

"నీ మీద ఉండాది. ఆ అంగడి మీద లేదు."

అతనికి కోపం రాలేదు. ఆమె కొంగు మీద రాలిన ఎండుటాకును తీసి పక్కన పెట్టాడు.

"సరే. నువ్వు చెప్పినట్టే."

రోడ్డు మీద బాగేపల్లి బస్సు హారన్ వినిపించింది. ఇద్దరూ గేటు దాకా నడిచారు.

"వచ్చే ఆదివారం మైత్రేయి కూడా," అన్నాడు రవీంద్ర.

"ఊఁ."

బస్సు ఆగింది, కదిలింది. ఎర్రదుమ్ము లేచి గేటునూ తోటనూ కప్పేసింది. అది అణిగేసరికి రోడ్డు ఖాళీ. వరండాలోంచి సిస్టరమ్మ పిలిచింది.

హేమావతి వెళ్ళి, తన తాగుడు మాన్పే మాత్ర మింగింది.