అక్కగారికి అర్థం కావాలి

“అర్థం కాలేదు,” అంది అక్కగారు.

మాస్టారు కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు. చదవడం ఇది రెండోసారి. మామూలు పాఠకుల కోసం ఆయన రాసిన సైన్సు పుస్తకం అది. పై కాగితం మీద పెద్దక్షరాలతో ‘శబ్దం’ అని ఉంది.

“విన్నారుగా,” అన్నాడు బల్ల వెనక నుంచి పబ్లిషరు. “మా అక్కకి అర్థమైతేనే ఏ సైన్సు పుస్తకమైనా అచ్చుకెళ్తుంది. లేదంటే ఈ నెల వంటల పుస్తకం వేసేస్తా. అది ఆవిడకి చదవకముందే అర్థమవుతుంది.”

“ఇంకొక్కసారి,” అన్నారు మాస్టారు. “అమ్మా, ఎక్కడ తికమకగా ఉంది?”

ఆవిడ ఆయన మొహంలోకి శ్రద్ధగా చూసింది. “మళ్ళీ చెప్పండి.”

ఆ మాటకే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. విసుక్కోకుండా మళ్ళీ చెప్పమనేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు? గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. మధ్యలో కింద వీధిలో లారీ హారన్ మోగింది. పబ్లిషరు ఉలిక్కిపడ్డాడు. అక్కగారి చూపు మాత్రం మాస్టారి మీద నుంచి కదల్లేదు. ఏం ఏకాగ్రత, అనుకున్నారాయన.

చదవడం అయ్యాక ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది. “తాగండి. పాపం, నాకే అర్థం కాలేదు.”

“ఇక వదిలేద్దాం మాస్టారూ.”

“ఆవిడకి అర్థమయ్యేదాకా నేనీ గదిలోంచి కదలను.”

మాస్టారు కాగితాలు పక్కన పడేశారు. టీ ట్రేలోని పంచదార గిన్నె ఖాళీ చేసి, దాని మీద ప్లాస్టిక్ కవరు బిగించి రబ్బరు బ్యాండు వేశారు. పైన చిటికెడు పంచదార చల్లారు. వంగి “ఓ...” అని గట్టిగా రాగం తీశారు. పంచదార పలుకులు గంతులేశాయి.

“పక్క ఆఫీసువాళ్ళు పరిగెత్తుకొస్తారండీ బాబూ,” అన్నాడు పబ్లిషరు.

అక్కగారు ముందుకు జరిగింది. తన గొంతు మీద రెండు వేళ్ళు ఆనించుకుని, గిన్నె మీదికి వంగి తనూ “ఓ...” అంది. పలుకులు మళ్ళీ లేచాయి. ఆవిడ కళ్ళు మెరిశాయి.

“ఓహో. ఇక్కడి వణుకే గాల్లోంచి అక్కడికి పోతోంది. శబ్దమంటే ఇదన్నమాట. అర్థమైంది, అచ్చుకి పంపరా.”

పబ్లిషరు పెన్ను తీశాడు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని చేతులు జోడించారు. “మూడుసార్లు ఎంత ఓపిగ్గా విన్నారమ్మా.”

అక్కగారు తమ్ముడి వైపు తిరిగింది.

“ఏమంటున్నార్రా ఆయన? పొద్దున్నే చెప్పానా, నా చెవి మిషనుకి బ్యాటరీ తెమ్మని?”