నాలుగో నంబరు నాడి

"మూడో నంబరు నవ్వుతున్నాడు సార్," అంది మేనేజరు.

"నవ్వనీయండి. బుర్ర లేనివాళ్ళకి నవ్వు తొందరగా వస్తుంది."

ఆఫీసులో అందరూ భయం మాస్టారు అని పిలిచే ఆ పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా గోడ మీద నాలుగు తెరలు. నాలుగింటిలోనూ ఒకటే ఆట. కింద ఆడుతున్నవాళ్ళ నాడి చూపించే పచ్చగీత, పక్కన అంకె. ఆడేవాళ్ళు పక్క గదిలో, పరదాలు కట్టిన అరల్లో, చేతికి పట్టీ, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు.

ఆట పేరు 'చీకటిల్లు'. ఇప్పటికి నాలుగు భాగాలు వచ్చాయి. నాలుగూ ఆయన చేతిలో తయారైనవే. కథానాయిక దగ్గర చిన్న లాంతరు తప్ప ఏమీ ఉండదు. ఇంట్లో ఏదో తిరుగుతూ ఉంటుంది. అది వస్తే దాక్కోవాలి, పోయాక బయటికి రావాలి. మొదటి భాగం ఆడినవాళ్ళు దీపం ఆర్పి పడుకోలేకపోయారు. నాలుగో భాగానికి వచ్చేసరికి కొనేవాళ్ళు సగమయ్యారు. అందుకని ఐదో భాగంలో ఆమె చేతికి తుపాకీ ఇవ్వాలని మేనేజరు పట్టు. ఇక్కడికి రాకముందు ఆవిడ సబ్బుల కంపెనీలో పనిచేసింది. ఆ సంగతి ఆయన రోజుకొకసారైనా గుర్తుచేస్తాడు.

నెల్లాళ్ళు వాదించుకుని చివరికి ఒప్పందానికి వచ్చారు. పాత పద్ధతిలో చేసిన బీరువా ఘట్టాన్ని నలుగురి చేత ఆడిస్తారు. ఒక్కరి నాడి అయినా నూట ఇరవై దాటితే తుపాకీ ఉండదు. దాటకపోతే ఆయన ఉండడు.

ఆట సంగతి బయటికి పొక్కకూడదని ఉద్యోగుల ఇళ్ళ నుంచే మనుషుల్ని పిలిపించారు. ఎవరెవరు వచ్చారో, ఎవరిది ఏ నంబరో మేనేజరు ఒక్కతికే తెలుసు.

"ఇళ్ళలోంచి పట్టుకొస్తే ఎలాగండీ? భయం అంటే ఏమిటో తెలిసిన మొహాలేనా అవి?"

"రేపు కొనేదీ వాళ్ళే కదా సార్."

"సబ్బులు కొనేది వాళ్ళు."

ఒకటో నంబరు తొంభై రెండు. రెండో నంబరు తొంభై. మూడో నంబరు నూట మూడు, అదీ నవ్వు పుణ్యమే. నాలుగో నంబరు మాత్రం మొదటి నుంచీ డెబ్బై. తలుపు బద్దలైనా డెబ్బై, మెట్ల మీద రక్తం పారినా డెబ్బై.

"ఏం మనిషండీ ఇది! బండరాయా?"

"మెల్లిగా సార్. మనలో ఒకరి ఇంటి మనిషే."

"ఎవరింటి మనిషో గానీ, ఆ ఇంట్లోవాళ్ళ ఖర్మ. చీమ కుట్టినట్టయినా లేదు."

తెర మీద కథానాయిక బీరువాలో దూరి తలుపు వేసుకుంది. చీకటి. చప్పుడు లేదు. భయం మాస్టారు ముందుకు వంగాడు.

"ఇప్పుడు చూడండి. దెయ్యం అరిస్తే భయం కాదు. తుపాకీ పేలితే అసలే కాదు. గుమ్మంలో అడుగు పడుతుంది. ఆ అడుగుని బట్టి లోపలున్న మనిషి లెక్క కట్టుకోవాలి, ఇవాళ వచ్చింది ఎలా వచ్చిందో అని. విసురుగా వస్తే ఫరవాలేదు. నెమ్మదిగా వస్తేనే ప్రాణం పోతుంది."

"ఇవన్నీ మీకెలా తెలుసు సార్?"

"మనుషుల్ని గమనించాలి. సబ్బుల్ని కాదు."

అంకెలు కదల్లేదు. మేనేజరు నలుగురికీ ఒక ప్రశ్న పంపింది: ఎలా ఉంది? ముగ్గురు ఫరవాలేదన్నారు. నాలుగో తెర మీద జవాబు అక్షరం తర్వాత అక్షరంగా వచ్చింది.

'బీరువాలో హాయిగా ఉంది. లోపలివైపు గడియ ఉంది కదా.'

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "హాయిగా ఉందట! పదిహేనేళ్ళు నేను నెత్తురు ధారపోసి చేసిన పని ఈ మొద్దుకి హాయిగా ఉందట!" అని లేచాడు.

"ఆటగదిలోకి మనం వెళ్ళకూడదు సార్. వాళ్ళకి మాటిచ్చాం."

"మాటిచ్చింది మీరు. భయం అంటే ఏమిటో నాలుగు ముక్కలు చెప్పి వస్తాను."

"అలా అయితే ఈ పరీక్ష చెల్లదు. ఆట ఆపేస్తున్నాను," అని మేనేజరు మీట నొక్కింది. తెరలు నాలుగూ నల్లబడ్డాయి, హెడ్‌ఫోన్లలో చప్పుడు ఆగిపోయింది. నాడి గీతలు మాత్రం నడుస్తున్నాయి.

ఆయన వినిపించుకోలేదు. ఆటగది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. అది చెక్క నేల, ప్రతి అడుగూ వినిపిస్తుంది. కోపం ముదిరినప్పుడు ఆయన నడక నెమ్మదిస్తుంది. ఒకటో అర దాటాడు. రెండోది దాటాడు. ఇంకా నోరు విప్పనే లేదు, జేబులో ఫోను మోగింది.

"సార్, నాలుగో నంబరు నూట ఇరవై దాటింది."

ఆయన ఆగిపోయాడు.

"నూట ముప్పై," అంది మేనేజరు. "నూట నలభై."

"చెప్పానా!" ఆనందం పట్టలేక గుసగుసగా అన్నాడు. "మట్టిబుర్ర కదా, ఆలస్యంగా ఎక్కింది. రాసుకోండి, తుపాకీ లేదు."

"ఆట ఎప్పుడో ఆపేశాను. అక్కడ తెర మీద ఏమీ లేదు."

"మరి దేనికి పెరిగినట్టు?"

ఈసారి మేనేజరు గొంతులో సార్ లేదు.

"మీరు ఆ పరదా తీయకండి. ఇవతలికి వచ్చేయండి."

"గెలిచినవాణ్ణి పట్టుకుని ఇవతలికి రమ్మంటారేమిటి? నన్ను గెలిపించిన మహానుభావుడెవరో చూడొద్దూ!"

ఫోను జేబులో పెట్టుకుని ఆయన నాలుగో అర దగ్గరికి నడిచి పరదా పక్కకి లాగాడు.

లోపల ఆయన భార్య కూర్చుని ఉంది.