మీసం కింది మాట

"దీంట్లో అచ్చేసేదానికి పనికొచ్చేవి ఎన్ని ఉంటాయో చూడు నాయనా."

ముసలాయన కుడిచేత్తో నోటుపుస్తకం బల్ల మీద పెట్టాడు. ఎడమచెయ్యి తువ్వాల కింద ఉంది. కొండాపురం బస్సు దిగి నేరుగా వచ్చానన్నాడు. పేరు ఖలందర్.

ప్రొద్దుటూరులో రాజశేఖర్ ప్రెస్సంటే నవ్వుమాటల పుస్తకాలకు పేరు. బంగారాన్ని గీటురాయి మీద గీసినట్టు ఒక్కో మాటనూ గీసి చూస్తాడు. నవ్వొస్తే టిక్కు. రాకపోతే అడ్డగీత. నోటుపుస్తకం తెరిచి మొదటి మాట చదివాడు.

"వాన రాకుంటే కరువు, వస్తే గొడుగు లేదు."

అడ్డగీత.

"శానా సప్పగుండాది పెద్దాయనా."

"చెప్పినోనికి అప్పటికింకా మీసం మొలవలేదులే."

రాజశేఖర్ పుస్తకంలో రెండో మాటకు వచ్చాడు.

"నా పెండ్లాం నాకు భయపడదు. నేను భయపడేది మాత్రం బయట చెప్పదు. ఇంతకంటే మర్యాద ఏం గావాల?"

టిక్కు.

తర్వాతి మాట చదివి రాజశేఖర్ కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వాడు.

"మీసం ఎవుడైనా పెంచుతాడు. దానికింద నోరు మూసుకునేదే కష్టం."

"ఇది మేలిమి! ఎవురు చెప్పిండేది?"

"అన్నీ ఒకడే. డ్యాములో ఊరు మునిగినాక ఊరోళ్లకు ఇచ్చిన కాలనీ కాలనీ తిరిగి, గుర్తుండేవాళ్లను అడిగి రాయించినా."

"ఎవురప్పా ఆ మారాజు?"

"మీ నాయన."

పెన్సిలు ఆగింది.

ఇంటి మీద బాంబులేసి నాయనను చంపేనాటికి రాజశేఖర్‌కు ఎనిమిది నెలలు. ఆ దినం సంగతి అమ్మ ఏనాడూ ఎత్తదు. నాయన నోటి మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వినాలని ముప్పై ఏళ్ల ఆశ.

"మా నాయన నీకెట్ల తెలుసు?"

"ఆ పొద్దు ఆడనే ఉంటి నాయనా."

పేజీ తిప్పడానికి ఖలందర్ ఎడమచెయ్యి బయటికి వచ్చింది. మూడు వేళ్లు లేవు.

ఆ సీమలో వేళ్లు లేని ముసలిచెయ్యి ఒకప్పుడు ఏం పని చేసిందో ఎవరికీ చెప్పనక్కరలేదు. నాటుబాంబులు చుట్టినవాళ్ల చేతులే అట్లా ఉంటాయి.

"ఆ బాంబులు సుట్టినోడివి నువ్వేనారా? మనిషిని సంపి, ఇప్పుడు ఆయన మాటలు అమ్ముకునేదానికి వచ్చినావా?"

"ఇను నాయనా..."

షట్టరు లాగే ఇనుపకడ్డీ మొదట భుజం మీద పడింది. తర్వాత దవడ మీద. ముసలాయన నోరు తెరిస్తే మాటకు బదులు నెత్తురు వచ్చింది. చేతులు అడ్డం పెట్టుకోలేదు. పుస్తకాన్ని గుండెకు అదుముకున్నాడు. రాజశేఖర్ దాన్ని లాక్కుని, నాలుగు ముక్కలుగా చీల్చి వాకిటి ముందు మురుగుకాలువలోకి విసిరాడు.

దానికోసం వాకిలి దాటబోయిన ముసలాయన తలకు మూడో దెబ్బ తగిలింది. మెట్ల మీద పడిన మనిషి మళ్లీ కదల్లేదు.

అన్నం క్యారియర్‌తో వెంకటసుబ్బమ్మ అప్పుడే ఆటో దిగింది. కొడుకు చేతిలో కడ్డీని చూసింది. కింద నెత్తుటి మొహాన్ని చూసింది. క్యారియర్ జారి అన్నం మెట్ల నిండా చిందింది.

"ఖలందరన్నా!"

"అమ్మా, వీడు బాంబులు సుట్టినోడు! కావాలంటే ఆ చెయ్యి చూడు!"

ఆమె చూడలేదు. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. దాన్ని ఒళ్లోకి తీసుకుని, కాలువలో కొట్టుకుపోతున్న కాగితాల వైపు చూస్తూ మెల్లగా అంది.

"గుడ్డ ఉయ్యాల్లో పడి పేలని బాంబును బయటికి ఇసిరేసేదానికి ఎత్తుకుంటే, చేతిలోనే పేలి పోయిన వేళ్లురా ఇవి... ఆ ఉయ్యాల్లో ఉన్నింది నువ్వే."