తిండి వల్ల కాదమ్మా

సంతనాడు కొట్టు మెట్ల మీద కొండచీపుళ్ల మోపు దించిన మనిషి, లోపల కూర్చున్న సత్యకుమారి ముఖం చూసి అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు అది చూడగలిగే ముఖం కాదు. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. పై పెదవి ముక్కును తాకేటంతగా ఉబ్బింది.

"చీపుళ్లు అక్కర్లేదు, ఎళ్లు," అంది సత్యకుమారి కొంగు అడ్డం పెట్టుకుని.

ఆ మనిషి వెళ్లలేదు.

"దురదుంటాదా అమ్మా?"

"లేదు."

"కడుపులో మెలిపెట్టీసినట్టుంటాదా, ఒకోపాలి?"

సత్యకుమారి ఉలిక్కిపడింది. ఆ సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు.

"నీకెవరు చెప్పారు?"

"తిండి వల్ల కాదమ్మా ఇది. తిండి మానీసి సిక్కిపోకు. గొంతులోకి దిగితే మాత్రం ఆగొద్దు, బేగి పెద్దాసుపత్రికి ఎల్లిపో."

లోపలినుంచి సత్యకుమారి తండ్రి వరహాలరావు వచ్చాడు. ఆ మనిషి వైపు సరిగా చూడకుండానే, "ఎళ్లు, ఎళ్లు ఇక్కణ్ణుంచి," అన్నాడు.

ఆవిడ మోపు ఎత్తుకుంది.

పెళ్లయిన కొత్తలో మొదలైంది సత్యకుమారికి ఈ వాపు. చింతపల్లిలో చూపిస్తే ఎలర్జీ అన్నారు. ఏది పడటం లేదో మీరే కనిపెట్టుకోవాలన్నారు.

మొదట వంకాయ మానేసింది. తర్వాత ఎండుచేపలు, గుడ్లు, పనసతొనలు. ఆపైన సబ్బు, పౌడరు, చివరికి ముఖానికి రాసుకునే పసుపు.

కాఫీ తోటల పూత పడటం లేదేమోనని ఇల్లరికం వచ్చిన భర్త గణపతిరావు ఆమెను నర్సీపట్నంలో తన అమ్మానాన్నల దగ్గర దింపాడు. అక్కడా ముఖం పొంగింది.

చివరికి ఒట్టి గంజన్నంతో సరిపెట్టుకున్నా వాపు ఆగలేదు. రెండు మూడు రోజులుండేది, తనంతట తనే తీసేది. ఆ రోజుల్లో కూతురు మౌనిక దగ్గరకు రావడానికే భయపడేది.

"నువ్వు మా అమ్మవి కాదు," అని ఏడ్చేది.

మరుసటి సంతనుంచి చీపుళ్ల మనిషి కొట్టుకు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. అమ్ముకుంటూనే మధ్యమధ్య తలెత్తి సత్యకుమారిని చూసేది.

ఒక సంతనాడు సాయంత్రానికల్లా సత్యకుమారి చేతులు, ముఖం మళ్లీ పొంగాయి.

"ఇది రోగం కాదు, ఆ చీపుళ్లది చేసిన చిల్లంగి," అన్నాడు గణపతిరావు.

చిల్లంగి అంటే చేతబడి. ఆ కొండల్లో ఆ మాట పడ్డ మనిషికి ఊళ్లో చోటుండదు.

గణపతిరావు వెళ్లి చీపుళ్లు కాలితో తన్నాడు. జనం మూగారు.

"మా ఆడదానికి ఏటి చేసేవో చెప్పు!"

"నానేటీ సెయ్యలేదు బాబూ."

"మరి దానికి కడుపు నొప్పొస్తాదని నీకెలా తెలుసు?"

ఆవిడ కొట్టు గుమ్మంలో ఉన్న వరహాలరావు వైపు ఒక్కసారి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

సత్యకుమారి ముందుకొచ్చింది.

"ఇంకెప్పుడూ నా కంటికి కనబడకు."

"అలగేనమ్మా," అంది ఆవిడ. చెల్లాచెదురైన చీపుళ్లు ఏరుకుని వెళ్లిపోయింది.

మళ్లీ సంతకు రాలేదు.

వానల్లో ఉప్పు కోసం వచ్చిన ఓ కొండామె కబురు చెప్పింది.

"చీపుళ్ల సోములమ్మ సచ్చిపోనాది."

"ఎలా?" అంది సత్యకుమారి.

"చిల్లంగి అన్నాక ఊళ్లోకి రానివ్వలేదు కదా, చేనుకాడ పాకలో ఒక్కర్తీ ఉండీది. మొకమంతా ఉబ్బిపోయి గొంతు పూడుకుపోనాది. ఎవులు జీపెక్కిస్తారు?"

సత్యకుమారి తన చెంప తడుముకుంది. "ముఖం ఉబ్బిందా?" అని అడిగింది.

వరహాలరావు బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, "బట్టలు సర్దుకో తల్లీ. విశాఖపట్నం పోదాం," అన్నాడు. అల్లుడు ఎందుకని అడిగినా వినలేదు.

విశాఖలో డాక్టరు రక్తపరీక్షలు చేయించాడు.

"ఇది ఎలర్జీ కాదమ్మా. మీరు మానేసినవేవీ దీనికి కారణం కాదు. రక్తంలో ఉండాల్సిన ఒక పదార్థం మీకు పుట్టుకతోనే తక్కువ. మందుంది, భయపడకండి. పాపకు కూడా పరీక్ష చేయించాలి."

"పాపకెందుకండీ?"

"వంశంలో వస్తుంది. మీ అమ్మగారికి గానీ, తోబుట్టువులకి గానీ ఇలా ఉబ్బేదా?"

"అమ్మకెప్పుడూ లేదు. నాకు తోబుట్టువుల్లేరు."

డాక్టరు వరహాలరావు వైపు చూశాడు. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

వరండాలోకి వచ్చాక సత్యకుమారి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఏటి నాన్నా?"

"మాకు పిల్లల్లేరమ్మా. ఒక సంతలో ఓ కొండ గుంట, చిన్నపిల్ల, పసిబిడ్డని వీపున కట్టుకుని కొట్టు ముందుకొచ్చింది. తల్లి గొంతు వాచి ఊపిరాడక చనిపోయిందంది. చెల్లికి గుక్కెడు పాలు పొయ్యమంది. మీ అమ్మ ఎత్తుకున్న బిడ్డని మళ్లీ దించలేదు."

సత్యకుమారి గోడకు ఆనుకుంది.

"నేనా నాన్నా?"

"నువ్వే. ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఆ గుంట చేత ఒట్టేయించుకున్నాను. మా కొట్టు వైపు రావద్దన్నాను. నీ ముఖం అలాగైందని విన్నాక ఆగలేకపోయింది. అయినా ఒట్టు మాత్రం తప్పలేదు."

"ఎవరు నాన్నా? ఇప్పుడెక్కడుంది?"

ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"సోములమ్మే తల్లీ, నీ తోడబుట్టిన అక్క."